మాల వేసుకోకుండా ముక్క మానితే

2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేయించిన సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటినవాళ్ళలో 98.7 శాతం మంది మాంసాహారులని తేలింది. దేశంలో ఇదే అన్నిటికన్నా ఎక్కువ. ఆ లెక్క చూసి ఓరుగల్లు మనిషెవరూ ముక్కు మీద వేలేసుకోరు. అల్లుడొస్తే కోడి, దసరాకు యాట, పురుడు నుంచి దినాల దాకా ప్రతిదానికీ దావత్. అలాంటి చోట నేను నీసు మానేశాను. మొక్కు లేదు, జబ్బు లేదు. నా కడుపు కోసం ఇంకో ప్రాణం పోవద్దనిపించింది, అంతే.

ఆ "అంతే" దగ్గరే చిక్కంతా వచ్చింది. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు 41 రోజులు నోరు కట్టుకుంటే ఇల్లంతా సాయం పడుతుంది. గిన్నెలు వేరు చేస్తారు, "స్వామీ" అని పిలుస్తారు. శనివారాలు, సోమవారాలు, శ్రావణం, కార్తీకం, ఒక్కపొద్దులు... వీటన్నిటికీ పేరుంది, గడువుంది. పేరూ గడువూ లేకుండా మానేస్తే మాత్రం అందరికీ కారణం కావాలి. "పానం మంచిగ లేదా బిడ్డా, డాక్టర్ ఏమన్న చెప్పిండా?" అని మా అత్తమ్మ భయపడ్డది. "ఏంది వదినా, పెద్ద కులపోళ్ళల్ల కలిసినవా?" అని ఆడబిడ్డ నవ్వింది. నవ్వుతూ అన్నా అందులో నిజమైన నొప్పి ఉంది. మన దగ్గర తిండిని బట్టి మనుషులను ఎక్కువ తక్కువ చేసిన చరిత్ర ఉంది. అందుకే నీసు మానేవాళ్ళు పక్కవాళ్ళ కంచం వైపు చూసి మూతి ముడవకూడదు.

అలాగని నీసు మానడం మనకు బయటి నుంచి వచ్చిపడ్డ ఆలోచనేం కాదు. హన్మకొండ పద్మాక్షి గుట్ట మీది గుడి ఒకప్పుడు జైన బసది. 1117 నాటి శాసనం దాన్ని కడలాలయ బసది అంటుంది. ఇటు పాలకుర్తికి పేరు తెచ్చిన పాల్కురికి సోమనాథుడు వీరశైవ కవి. ఆ వీరశైవంలోని జంగాల ఇళ్ళలో నీసు వండని సంప్రదాయం ఈనాటికీ ఉంది. సద్దుల బతుకమ్మ నాడు అదే పద్మాక్షి గుట్ట కింద బతుకమ్మలు వదిలి మేం పంచుకునేది నువ్వుల సద్ది, పల్లీల సద్ది, కొబ్బరి సద్ది, పెరుగు సద్ది. ఆ వెంటనే దసరా, యాట కూర. ఒకే వారంలో రెండు రుచులూ మావే.

నువ్వులు, పల్లీలు, పెరుగు పడే ఆ సద్దుల్లోనే అసలు పాఠం ఉంది. ముక్క తీసేసిన జాగాలో ఇంకో ఇంత అన్నం పెట్టుకుంటే సరిపోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్ళకు బరువులో కిలోకు రోజూ 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 55 కిలోల మనిషికి అది దాదాపు 46 గ్రాములు. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములున్నా, మనం ఒక పూటకు వేసుకునే పప్పులో వచ్చేది ఆరేడు గ్రాములే. నీళ్ళ పప్పుచారైతే అదీ రాదు. కాబట్టి ఇంట్లో ముద్దపప్పు రోజులు పెంచాను. సాయంత్రం చాయ్‌తో బిస్కెట్లకు బదులు ఉడకబెట్టిన బొబ్బర్ల గుడాలు, పల్లీలు. రాత్రి పెరుగు తప్పదు. వారంలో రెండుసార్లు మీల్ మేకర్. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పుల్లో ఎక్కువ. అన్నం, పప్పు ఒకదాని లోటు ఒకటి పూడుస్తాయి.

రుచి సంగతికొస్తే, నా నాలుక అడిగేది చాలావరకు మసాలానేనని తెలిసింది. అల్లం వెల్లుల్లి, ధనాల పొడి, ఎండుకొబ్బరి, గసాలు అవే వేసి పచ్చి అనపగింజలు వండితే సగం ఆశ తీరిపోయింది. చింతచిగురు మటన్‌కు బదులు చింతచిగురు పప్పు. మూలుగ బొక్కకు మాత్రం బదులు లేదు. అది లేదనుకోవడమే.

నేను హన్మకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. కాబట్టి బీ12 గురించి చెప్పకుండా ఉండలేను. ఈ విటమిన్ ఆకుకూరల్లో, పప్పుల్లో దొరకదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. మన కాలేయం దీన్ని కొన్నేళ్ళకు సరిపడా దాచుకుంటుంది. అందుకే మానేసిన కొత్తలో "నాకేం కాలేదు" అనిపిస్తుంది. తిమ్మిర్లు, నీరసం, మతిమరుపు తర్వాతెప్పుడో మొదలవుతాయి. బీ12 లోపిస్తే ఎర్ర రక్తకణాలు పెద్దవవుతాయి, ఐరన్ లోపిస్తే చిన్నవవుతాయి. రెండూ కలిసి లోపిస్తే రిపోర్టులో సగటు సైజు మామూలుగానే కనిపించి మోసం చేయవచ్చు. కాబట్టి మామూలు రక్తపరీక్షతో ఊరుకోకుండా బీ12 విడిగా చూపించుకోవాలి. మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కన్నా తగ్గితే సాధారణంగా లోపం కిందే లెక్క. డాక్టరు రాసిన మందుతో సరిపోయే పని. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మాత్రం మానకముందే డాక్టరును అడగాలి. పప్పులు, ఆకుకూరల ఐరన్ మాంసం ఐరనంత సులువుగా ఒంటపట్టదు. పప్పు మీద నిమ్మకాయ పిండుకోండి. తిన్న వెంటనే చాయ్ తాగకండి.

మా ఇంట్లో మానింది నేనొక్కదాన్నే. ఆదివారం కూర వండేదీ నేనే. మరి ఉప్పు ఎవరు చూడాలె? ఆ పని అత్తమ్మకు పోయింది. గంటెతో పులుసు చుక్క అరచేతిలో వేస్తే నాలుకకు తగిలించుకుని, కళ్ళు మూసి ఒక్క క్షణం ఆగి, "ఇంకింత పడాలె" అంటుంది. వంటింట్లో పెద్దరికం మళ్ళీ చేతికొచ్చిన సంబురం ఆమె మొఖంలో కనబడుతుంది. నా తిండి మీద అనుమానం అట్లా కరిగిపోయింది.

చుట్టాలిళ్ళలో ఇంకో తీరు. "నాకేదైనా ఫర్వాలేదు" అంటే వాళ్ళు ఏం పెట్టాలో తోచక చిన్నబోతారు. అందుకే ముందురోజే ఫోన్ చేసి, "పిన్నీ, నీ చేతి పచ్చిపులుసు తినాలనుంది, నాకోసం కోడి కొయ్యకుండ్రి" అని పేరు పెట్టి అడుగుతాను. అడిగి చేయించుకున్న పచ్చిపులుసుకు కోడికూరకున్నంత గౌరవం వస్తుంది. మొక్కుల దగ్గరా దారి ఉంది. మేడారం సమ్మక్క సారలమ్మలకు యాటలు కోసేవాళ్ళున్నట్టే నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, తూకం వేసి ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. నా మొక్కు బెల్లంతోనే.

మీకూ మానాలని ఉంటే రేపటి నుంచి జీవితాంతం అని ఒట్టు పెట్టుకోకండి. వచ్చే కార్తీకాన్ని వాడుకోండి. అప్పుడెవరూ ఎందుకని అడగరు. పప్పు ఎంత పడుతుందో, మనసు ఎంత లాగుతుందో ఆ నెలలో తెలిసిపోతుంది. నచ్చకపోతే సంక్రాంతికి కోడి ఎలాగూ ఉంది, ఎవరూ మందలించరు. నచ్చితే మాత్రం ముందు అత్తమ్మకు చెప్పండి, తర్వాత డాక్టరుకు.