అల్పకాయుని దీర్ఘయాత్ర

1.44 మెగాబైట్లకు మించి పట్టని ఫ్లాపీ యొక్కదానిమీదనే, కంప్యూటరును మేల్కొలుపుటకును, చెడినపుడు చక్కదిద్దుటకును, డెబియన్ లినక్స్‌ను స్థాపించుటకును వలసిన సమస్త పరికరములను ఇమిడ్చవలెనను సంకల్పముతో బ్రూస్ పెరెన్స్ 1995లో రచించిన ప్రోగ్రామే బిజీబాక్స్. ఎల్‌ఎస్, సీపీ, మౌంట్ మున్నగు ఆదేశములు వేర్వేరు ప్రోగ్రాములుగా నున్నపుడు ఒక్కొక్కటియు ఉమ్మడి భాగములను మరల మరల మోయవలసివచ్చును. వానినన్నిటిని ఒక్కటిగా కూర్చి, ఏ పేరుతో పిలిచిన ఆ పని చేయునట్లు ఆయన నిర్మించెను. ఫ్లాపీలు గతించినను బిజీబాక్స్ గతింపలేదు. ఇండ్లలోని రౌటర్లయందు మాటుమణగి పనిచేయుచు, ఆల్పైన్ లినక్స్‌కు ఆధారమై, 2014లో మస్ల్ అను చిన్న సీ లైబ్రరీ తోడుకాగా, తనకై యెదురుచూచుచున్న కొత్త యుగమున ప్రవేశించెను.

అది కంటైనర్ల యుగము. 2013 మార్చిలో శాంటాక్లారాలో జరిగిన పైకాన్ సభలో సాలమన్ హైక్స్ అయిదు నిమిషముల ప్రసంగమున కంటైనర్లను నిర్మించి నడుపు డాకర్‌ను లోకమునకు చూపెను. కంటైనరు వేరొక యంత్రము కాదు. ఆశ్రయమిచ్చిన కంప్యూటరు కెర్నెలునే పంచుకొనుచు, తనదైన ఫైళ్ల సముదాయముతో ప్రత్యేకముగా మెలగు ప్రోగ్రాము మాత్రమే. కావున ఆ ఫైళ్ల మూటయైన ఇమేజిలో ఆ ప్రోగ్రామును, దానికి వలయు లైబ్రరీలును తప్ప వేరేమియు అక్కరలేదు. ఐనను జనులు ఉబుంటును సమూలముగ తెచ్చి, దానిపై కంపైలర్లను జేర్చి, వందలాది మెగాబైట్ల భారమును సర్వర్లకు పంపుచుండిరి. అందలి యనవసరమైన ప్రతి లైబ్రరీయు ఏనాడో బయటపడబోవు భద్రతాదోషమునకు నివాసము కాగలదు. పొరలు పొరలుగా నేర్పడు ఇమేజిలో, ఒక పొరయందు చేర్చిన ఫైలును తరువాతి పొరలో చెరిపివేయుట గోడమీది వ్రాతకు సున్నము కొట్టినట్లే: కంటికి కనబడదు గాని లోపల అట్లే యుండును.

ఈ చిక్కును 2017లో డాకర్ 17.05 విప్పినది. ఒక దశలో కంపైలు చేసి, ఫలితమును మాత్రము రెండవ దశలోనికి కొనిపోవచ్చును. ఆ రెండవ దశ 'స్క్రాచ్' అను శూన్యమే కావచ్చును. లైబ్రరీలను తనలోనే కలుపుకొన్న గో భాషా ప్రోగ్రాము ఆ శూన్యమున ఒంటరిగా నిలువగలదు; కాని హెచ్‌టీటీపీఎస్‌కు వలయు ధ్రువపత్రములును, దేశదేశముల కాలభేదముల పట్టికయు అచ్చట లేవని చాలమందికి సర్వరు మొరాయించిన పిదపనే తెలియును. గూగుల్ వారి డిస్ట్రోలెస్ ఇమేజిలు వానిని చేర్చి, ఆదేశములను స్వీకరించు షెల్లును మాత్రము వెలివేసినవి. మరమ్మతునకై వారు విడిగా నిచ్చు 'డీబగ్' ప్రతులలోని షెల్లు మరల బిజీబాక్స్‌దే!

5 మెగాబైట్ల ప్రాంతపు ఆల్పైన్ ఇమేజి అందరిని ఆకర్షించినది, కొందరిని అగచాట్లపాలును చేసినది. జీలిబ్‌సీ అను మరియొక సీ లైబ్రరీని నమ్ముకొని కూర్చిన ప్రోగ్రాములు మస్ల్‌పై యథాతథముగ నడువవు. ముందే కంపైలు చేసిన ప్యాకేజీలకు 2021లో మస్ల్‌కొరకు వేరుగా ప్రమాణ మేర్పడువరకు, సీ భాషాభాగములు గల పైథాన్ ప్యాకేజీలను ఆల్పైన్‌పై మూలమునుండి కంపైలు చేసికొనవలసియే వచ్చెడిది. గో వ్రాయువారికి స్క్రాచ్ చాలును. పైథాన్ వాడువారికి మాత్రము కొంత బరువైనను డెబియన్ 'స్లిమ్' ప్రతియే మేలని నా యభిప్రాయము.