కొళాయిలు వచ్చినవి, బావుల మాట యేమి?

2019వ సంవత్సరము ఆగస్టు నెలలో కేంద్ర ప్రభుత్వమువారు జలజీవన ప్రణాళికను ప్రకటించునాటికి మన దేశపు పల్లెలలో 3 కోట్ల 23 లక్షల యిండ్లకు మాత్రమే కొళాయి యుండెను. అనగా నూటికి పదునేడిండ్లు. 2025 నాటికి ఆ సంఖ్య 15 కోట్లను దాటినది. పని ముగియవలసిన గడువు 2024తో తీరగా దానిని 2028 వరకు పొడిగించిరి. ఆలస్యమైనను, కడవ చంకనిడుకొని క్రోసెడు దూరము నడచు ఆడువారి శ్రమ నెరిగిన వారెవ్వరును ఈ కార్యమును తేలికగా మాటలాడజాలరు.

కాని గొట్టమున కొక కొసను కొళాయి యున్నట్లే రెండవ కొసను బావి యున్నది. పల్లెల త్రాగునీటిలో నూటికి 85 వంతులు భూగర్భమునుండి వచ్చునదే. ఆ నీటిని మనము దేనికి తోడుచున్నాము? 2024వ సంవత్సరపు ప్రభుత్వపు లెక్కలనుబట్టి దేశమంతట నేటేట తోడబడు నీరు సుమారు 245 శతకోటి ఘనపు మీటర్లు. అందు నూటికి 87 వంతులు సేద్యమునకే పోవుచున్నవి. అమెరికా, చైనా దేశములు రెండును కలిసి తోడు నీటికంటె మనము తోడునది అధికము.

ఏటేట తోడదగిన నీటిలో మనము వాడునది నూటికి అరువది పాళ్లే గదా యని తృప్తిపడువారు గలరు. ఇది దేశపు సగటు. బ్రహ్మపుత్ర లోయలోని నీరు సంగ్రూరు రైతు మడిలోనికి రాదు. పంజాబులో నూరు పాళ్లు తోడదగిన చోట నూటయేబదికి పైగా తోడుచున్నారు. ఇందుకు పంజాబు రైతును నిందించుట న్యాయము కాదు. 1960వ దశాబ్దమున మనము అమెరికా ఓడలలో వచ్చు గోదుమలకై యెదురు చూచుచుండగా దేశము అతనిని ధాన్యము పండింపుమని కోరినది. మద్దతు ధర నిచ్చి కొన్నది. 1997లో పంపులకు విద్యుత్తు ఉచితమైనది. అతడు చెప్పినట్లే చేసెను. నీరు దిగజారుట చూచి, జూను 10వ తేదీకి ముందు వరి నాటరాదని 2009లో అచటి ప్రభుత్వమువారు చట్టము చేసిరి. నీటివరకు అది మంచి చట్టమే. కాని నాటు వెనుకబడగా కోతయు వెనుకబడినది; వరి కోతకును గోదుమ విత్తుటకును నడుమ వ్యవధి తగ్గినది; గడ్డిని పొలముననే తగులబెట్టుట హెచ్చినది. ఢిల్లీ నగరవాసులు శీతకాలారంభమున పీల్చు పొగలో ఈ చట్టమునకు గూడ కొంత భాగము గలదు.

మన రాయలసీమ, తెలంగాణముల స్థితి యింకను సున్నితమైనది. పంజాబు క్రింద లోతైన ఒండ్రు నేల యున్నది. మన క్రింద రాయి యున్నది. నీరు నిలుచునది పైనున్న మెత్తబడిన పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే. అది తరిగిన పిమ్మట ఒక రైతు వేయి అడుగులు దింపిన బోరు పొరుగువాని బావిని ఎండజేయును గాని క్రొత్త నీటిని సృష్టింపజాలదు. ఎండిన బోరుకు అప్పు, దాని ప్రక్క మరియొక బోరుకు ఇంకొక అప్పు!

ఆంధ్రప్రదేశమున 2004లో సేద్యపు విద్యుత్తు ఉచితమైనది. తెలంగాణములో 2018వ సంవత్సరారంభమునుండి ఇరువదినాలుగు గంటలును ఇచ్చుట మొదలైనది. ఉచితము తగదనువారిలో మేము చేరము. కాలువ క్రింది రైతునకు ప్రజాధనముతో ఆనకట్ట కట్టి నీరు తెచ్చి యిచ్చితిమి. మెట్ట రైతు తన బోరును తానే వేయించుకొనవలసి వచ్చెను. ఆతనికి ఈ మాత్రము సాయము అన్యాయము కాదు. కాని వెల లేకుండుట వేరు, లెక్క లేకుండుట వేరు. ఏ పంపు ఎంత తోడుచున్నదో తెలియని చోట ఏ ప్రణాళికయు నిలువజాలదు.

చట్టము మాట కొంత చెప్పవలసి యున్నది. తన నేలక్రింది నీరు తనదేయను భావమునకు ఆధారము 1882 నాటి ఈజుమెంట్ల చట్టము. దొరలు పోయిరి, వారి యీ చట్టము మాత్రము మన పొలముల క్రింద నిశ్చింతగా నున్నది! నూరెకరముల భూస్వామికిని, బోరు వేయలేని కౌలుదారునకును ఇది సమాన న్యాయమా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు 2002లో నీరు, నేల, చెట్ల రక్షణకై ‘వాల్టా’ యను చట్టము చేసి, బావులను నమోదు చేయవలెననియు, క్రొత్త బోరునకు అనుమతి పొందవలెననియు విధించిరి. రాత్రివేళ బోరు బండి ఊరిలోనికి వచ్చి తెల్లవారునప్పటికి పోవుట చూచిన పాఠకులకు ఆ యనుమతి సంగతి మేము వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి చోటనే వేరొక పనియు జరిగినది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి సాయముతో అనంతపురము, కర్నూలు, మహబూబునగరము, నల్లగొండ మొదలగు ఏడు జిల్లాలలో రైతులు, అందు స్త్రీలును, వానను తామే కొలిచిరి. బావులలో నీటిమట్టమును కొలిచి గోడలపై వ్రాసిరి. రబీకి ముందు కూర్చుండి ఊరి నీటికి జమాఖర్చు వేసిరి. ఎవ్వరికిని వరి వేయవద్దని ఆజ్ఞ లేదు. లెక్క కన్నులయెదుట నుండగా తక్కువ నీటి పైరులకు మారినవారు అనేకులు.

2019 డిసెంబరులో కేంద్రమువారు ఇట్టి పద్ధతినే 6,000 కోట్ల రూపాయలతో అటల్ భూజల పథకముగా చేపట్టిరి. గుజరాతు, రాజస్థానము మొదలుగా ఏడు రాష్ట్రములు అందు జేరినవి. గోడలపై జమాఖర్చు వ్రాసిన మన రెండు రాష్ట్రములలో ఒక్కటియు అందు లేదు. మన శాసనసభ్యులు దీనిని అడిగి తెలిసికొనవలెను. అంతవరకు వాల్టా క్రింద నమోదైన బావుల పట్టికను ప్రతి పంచాయతీ కచేరి గోడపైనైనను వ్రాయించవలెను.