నిమ్మతోటలలో గజ్జి తెగులు: తొలకరికి ముందే జాగ్రత్త

వానలు ముదిరిన పిమ్మట మా కార్యాలయమునకు వచ్చు రైతులలో పలువురి జేబులో ఒక నిమ్మాకు ఉండును. దానిపై గోధుమరంగు మచ్చలు, వాని చుట్టు పసుపు వలయములు. "దీనికి మందేమి?" అని అడుగుదురు. ఆ ఆకునకు మందు లేదు. ఒకసారి లేచిన మచ్చ ఏ మందు చల్లినను పోదు. ఇంకను తెగులు తగలని లేత చిగురును, లేత పిందెను కాపాడుటయే మందు చేయగల పని. ఈ సంగతి తెలియక ఆగస్టు మాసములో పెట్టు ఖర్చు చాలవరకు నీళ్లపాలగుచున్నది.

ఇది గజ్జి తెగులు. బూజు వలన వచ్చునది కాదు. శాంథోమోనాస్ అను బాక్టీరియా వలన కలుగును. మచ్చ బెండువలె పొంగి చేతికి గరుకుగా తగులును. ఆకులమీదనే గాక కొమ్మలమీద, కాయలమీద గూడ లేచును. లోపలి రసము బాగుగనే యున్నను గజ్జి కాయకు బజారులో ధర పలుకదు. నిమ్మకు ఈ బాధ మిక్కిలి ఎక్కువ, బత్తాయికి తక్కువ, కమలాకు ఇంకను తక్కువ.

తడిసిన మచ్చనుండి బాక్టీరియా వెలువడి, గాలివాన చినుకులతో పక్క చెట్టుకు చేరును. ముల్లు గీరిన చోట, లేత ఆకులో పురుగు పామువలె మెలికలు తిరిగి తొలిచిన చోట సులభముగ జొరబడును. కావున చిగురు సమయమున లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె కలిపి చల్లి ఆ పురుగును అదుపులో నుంచుట గజ్జికి గూడ మేలు. అమెరికాలోని ఫ్లోరిడాలో ఈ తెగులును తుదముట్టింప లక్షలాది చెట్లను నరికివేసిరి. 2004, 2005 సంవత్సరముల తుపానులు దానిని మరల వెదజల్లగా 2006లో ఆ ప్రయత్నమునే విరమించుకొనిరి. గాలివాన ఎంత పని చేయునో దీనినిబట్టి ఊహించుకొనుడు.

మన వరంగల్లు చెల్క నేలలలో అసలు పని మే నెలలో, మృగశిర కార్తెకు ముందే చేయవలెను. పొడి వాతావరణములో గజ్జి కొమ్మలను మచ్చకు దిగువన, మంచి భాగములోనికి కత్తిరించి కాల్చివేయుడు. చెట్టు చెట్టుకు కత్తెరను స్పిరిటుతో తుడువవలెను. ఆకులు తడిగానున్నప్పుడు కత్తిరింపు గాని, కాయ కోత గాని వలదు.

వెంటనే ఒక శాతము బోర్డో మిశ్రమము చల్లవలెను. ఒక కిలో మైలుతుత్తమును 50 లీటర్ల నీటిలో, ఒక కిలో పొడి కాని రాతి సున్నమును వేరుగ 50 లీటర్ల నీటిలో కలిపి, తుత్తపు నీటిని సున్నపు తేటలో కలియబెట్టుచు పోయుడు. ఇనుప పాత్రలు పనికిరావు. ప్లాస్టిక్ పీపాలు చాలును. శుభ్రమైన కొడవలిని నిమిషము సేపు ముంచి చూడుడు. దానిపై ఎర్రని రాగిపూత కనబడినచో సున్నము చాలలేదన్నమాట. మరికొంత సున్నపు నీరు కలుపుడు. లేనిచో చిగురు మాడును. ఆనాడు కలిపినది ఆనాడే వాడవలెను. ఇంత శ్రమ పడలేనివారు 10 లీటర్ల నీటికి 30 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలుపవచ్చును. క్రొత్త చిగురు వచ్చినప్పుడెల్ల మూడు వారముల కొకసారి, పిందె కట్టిన తరువాత దాదాపు మూడు మాసముల వరకు ఈ రక్షణ అవసరము.

పాత కరపత్రములలో స్ట్రెప్టోమైసిన్ గూడ కలుపుమని యుండును. అది మనుష్యుల రోగములకు వాడు మందు. పంటలపై దాని వాడకమును నిషేధించుటకు కేంద్ర ప్రభుత్వము 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించినది. చెట్లకు దానిని వాడకుండుటయే మేలని నా అభిప్రాయము.

క్రొత్తగా తోట వేయువారు బాలాజీ రకమును చూడవచ్చును. అది గజ్జిని కొంత తట్టుకొనును. నర్సరీలో మొక్క చౌకగా దొరకినదని తొందరపడక, ఆకులు తిప్పి అడుగు భాగము గూడ చూచి, ఒక్క మచ్చ యున్నను వదలివేయుడు. గ్రామాధికారులకొక మనవి. తోట పక్కనున్న పెరటి నిమ్మను, బడి ఆవరణలోని నిమ్మను ఎవరును లెక్కింపరు. ఆ చెట్లకు గూడ తోటతో పాటు అదే వారములో కత్తిరింపు, మందు జరిపింపవలెను.