చెయ్యి ఎత్తే ముందు



2025 ఏప్రిల్‌లో మన విజయనగరానికి దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కళాశాలలో, ఫోను తీసేసుకున్నారని ఓ విద్యార్థిని అధ్యాపకురాలిని చెప్పుతో కొట్టింది. ఆ వీడియో చూసి అందరం తిట్టుకున్నాం. తిట్టడం తేలికే.

కోపానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం సుమారు 25 ఏళ్ల వరకూ ఎదుగుతూనే ఉంటుంది. కౌమారంలో 8 నుండి 10 గంటల నిద్ర కావాలి. రాత్రంతా ఫోను చూసిన పిల్లలకు మర్నాడు చిన్న మందలింపే పెద్ద గాయం. పదిమంది ముందైతే మరీను. బడిలో కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. మన ఇళ్లలో మాత్రం బెత్తం ఇంకా చూరులోనే ఉంది! తాగి వచ్చి కొట్టే తండ్రిని చూసే పిల్లలు అదే నేర్చుకుంటారు.

మీ బిడ్డ రోజుల తరబడి నిద్రపోకుండా చిరాకు పడుతుంటే, మా దగ్గరకు తీసుకురండి. లేదా టెలి మానస్ 14416కు ఫోను చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.