మాంజా తగిలిన పక్షికి తొలి సాయం

సూరత్‌లో జనవరి 14, 15 తేదీల్లో జరిగే ఉత్తరాయణ్ పతంగుల పండుగ పక్షులకు గండంగా మారుతోంది. వేకువన మేతకు వెళ్లేటప్పుడు, సాయంత్రం గూటికి చేరేటప్పుడు పావురాలు, కొంగలు, గద్దలు గాజుపొడి పూసిన మాంజాకు చిక్కి మేడలపై, వీధుల్లో పడిపోతుంటాయి. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో నిషేధించింది. అయితే గాజుపొడి పూసిన నూలు దారం కూడా రెక్కలను కోయగలదు.

గాయపడిన పక్షిని చూడగానే నోట్లో నీళ్లు పోయడం చాలామంది చేసే పొరపాటు. ఆ నీరు శ్వాసనాళంలోకి వెళితే ప్రాణమే పోవచ్చు. చుట్టుకున్న దారాన్ని లాగితే గాయం మరింత లోతవుతుంది. అందువల్ల ఇరువైపులా వేలాడే దారాన్ని కత్తిరించి, మిగిలినది వైద్యునికే వదిలివేయాలి. పక్షులు ఛాతీని కదిలించి ఊపిరి తీసుకుంటాయి కనుక గట్టిగా పట్టుకోరాదు. మెత్తని గుడ్డతో మృదువుగా ఎత్తాలి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి ఉంచాలి. ఆపై గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో ఉంచి మూత వేయాలి. చీకటి, వెచ్చదనం, నిశ్శబ్దం దాని బెదురును తగ్గిస్తాయి.

గుజరాత్ ప్రభుత్వం 2017 నుంచి పండుగ రోజుల్లో 'కరుణా అభియాన్' పేరిట పక్షులకు చికిత్స అందిస్తోంది. సహాయానికి 1962 నంబరుకు ఫోన్ చేయవచ్చు. నేత పనికై సూరత్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సైతం పండుగ రోజున మేడపై ఒక అట్టపెట్టెను, కత్తెరను సిద్ధంగా ఉంచుకోవడం మేలు.