మీకు తెలుసా? చుట్టూ యుద్ధం, నడుమ స్విట్జర్లాండ్

1940 జూన్ చివరికి స్విట్జర్లాండ్‌కు ఒకవైపు జర్మనీ, ఒకవైపు ఇటలీ, మరోవైపు జర్మనీకి లొంగిపోయిన ఫ్రాన్స్. అయినా హిట్లర్ సైన్యం ఆ గడప తొక్కలేదు.

• స్విట్జర్లాండ్ తటస్థ దేశం. అయితే తటస్థత అంటే ఆయుధం పట్టకపోవడం కాదు. 40 లక్షలు దాటిన జనాభా నుంచి, 1939 సెప్టెంబరులో నాలుగు లక్షలకు పైగా మందిని సైన్యంలోకి పిలిచారు. అక్కడ మామూలు రోజుల్లో 'జనరల్' హోదాయే ఉండదు. యుద్ధం ముంచుకొస్తే పార్లమెంటు ఒకరిని ఎన్నుకుంటుంది. అప్పుడు ఎన్నికైనవాడు ఆన్రీ గీజాన్.

• గీజాన్ 1940 జులై 25న రుట్లీ అనే పచ్చికబయలులో తన అధికారులను సమావేశపరిచాడు. దాడి జరిగితే ఆల్ప్స్ కొండల్లోకి వెళ్లి అక్కడే నిలబడి పోరాడాలన్నది ఆయన పథకం. అంటే పట్నాలనూ, పొలాలనూ, ఇళ్లలోని ఆలుబిడ్డలనూ శత్రువుకు వదిలి కొండెక్కడమే. ఏ సైనికుడికైనా ఇంతకంటే కఠినమైన ఆజ్ఞ ఉంటుందా? కానీ ఇటలీకి వెళ్లే జర్మనీ బొగ్గులో పెద్ద భాగం ఆ కొండల కింది గొట్హార్డ్, సింప్లాన్ సొరంగాల గుండానే పోవాలి. దాడి చేస్తే ఆ దారి జర్మనీకి దక్కకుండా స్విస్ సైన్యం ఆ సొరంగాలకు పేలుడు పదార్థాలు అమర్చి ఉంచింది.

• జర్మనీ దాడి పథకం గీసి, 'టానెన్‌బౌమ్' అని పేరు కూడా పెట్టుకుంది. అది కాగితం దాటలేదు.

• తిండిగింజల దిగుమతి కష్టమైతే పార్కుల్లో, ఆటస్థలాల్లో బంగాళాదుంపలు వేశారు.

• 1944 ఏప్రిల్ 1న అమెరికా విమానాలు జర్మనీ అనుకుని షాఫ్‌హౌసెన్ పట్టణంపై బాంబులు వేశాయి. 40 మంది చనిపోయారు.

• ధైర్యం ఒక్కటే ఆ దేశాన్ని కాపాడిందంటే అది సగం నిజమే. జర్మనీ ఇతర దేశాల నుంచి దోచుకున్న బంగారాన్ని స్విస్ కేంద్ర బ్యాంకు కొన్నది. జర్మనీకి ఆయుధాలూ అమ్మారు. ప్రాణభయంతో వచ్చిన యూదులను వేల సంఖ్యలో సరిహద్దు దగ్గరే తిప్పి పంపారు. నా దృష్టిలో ఇది ఆ తటస్థతకు అంటిన పెద్ద మచ్చ.

• వీసా లేని శరణార్థులను రానివ్వొద్దని 1938 ఆగస్టులో ఆదేశం వచ్చింది. సెయింట్ గాలెన్ పోలీసు అధిపతి పాల్ గ్రూనింగర్ కాగితాల మీద ప్రవేశ తేదీలను వెనక్కి జరిపి, ఆదేశానికి ముందే వచ్చినట్టు చూపి, వందలాది మందిని బతికించాడు. 1939లో ఆయన ఉద్యోగం పోయింది, తర్వాత కోర్టు శిక్షా పడింది. 1972లో పేదరికంలోనే కన్నుమూశాడు. 1995లో కోర్టు ఆయన నిర్దోషి అని తీర్పు చెప్పింది. అప్పటికి ఆయన పోయి 23 ఏళ్లు.