ఎండిన పడవకు నీళ్ళే మందు

వేసవిలో వదులైన బండిచక్రాన్ని చెరువులో నానవేయటం మీలో కొందరైనా చూచే ఉంటారు. ఎండకు చెక్క కుంచించుకుపోతుంది, ఇనుప పట్టా వదులవుతుంది. రాత్రంతా నీళ్ళలో ఉంచితే మళ్ళీ బిగుసుకుంటుంది. పాత కొయ్య పడవను బాగుచెయ్యటంలో కిటుకు కూడా ఇదే!

ఐరోపాలో 'పన్నెండడుగుల డింగీ' అనే చిన్న తెరచాప పడవ ఉంది. 1913 ప్రాంతంలో జార్జ్ కాక్‌షాట్ అనే ఆంగ్లేయుడు దీని నమూనా తయారుచేశాడు. పొడవు 3.66 మీటర్లు, ఒకటే తెరచాప. 1920, 1928 ఒలింపిక్ క్రీడల్లో వీటితో పందేలు జరిగాయి. హాలెండు, ఇటలీ దేశాల్లో నేటికీ వీటిని నడుపుతున్నారు.

దీని పలకలు ఇంటి పెంకుల్లా ఒకదాని అంచుమీద మరొకటి ఎక్కి ఉంటాయి. రాగిమేకులతో బిగిస్తారు. సంప్రదాయ పద్ధతిలో అతుకుల మధ్య జిగురు ఉండదు, నార ఉండదు. మరి నీళ్ళు లోపలికి ఎందుకు రావు?

కలప అంటే సన్నని గొట్టాల కట్ట. ఆ గొట్టాల గోడల్లోకి నీరు చేరితే గోడలు లావెక్కుతాయి. అందువల్ల చెక్క అడ్డంగా ఉబ్బుతుంది. పొడవునా దాదాపు ఉబ్బదు. బాగా ఎండిన 10 సెంటీమీటర్ల వెడల్పు పలక పూర్తిగా నానితే 5 మిల్లీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెరగవచ్చు. అదే మీటరు పొడవులో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లే. అంచులు అలా ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుని సందులు మూసుకుంటాయన్నమాట.

ఏళ్ళ తరబడి షెడ్డులో ఎండిన పడవలో సందులు కనిపిస్తాయి. కొత్తవాడు వాటిలో గట్టిపడే లప్పం కూరి, నున్నగా రంగు వేస్తాడు. పడవ నీళ్ళలోకి దిగగానే పలకలు ఉబ్బుతాయి. కాని వాటికి చోటేదీ? మేకులు సడలుతాయి, పలకలు చీలుతాయి. (నవ్వకండి. వానాకాలంలో బిగుసుకున్న మా ఇంటి తలుపును చిత్రిక పట్టించి, వేసవిలో దాని సందు చూచి విచారించినవాణ్ణి నేను!)

తెలిసినవాడు తడి గోనెలు కప్పి, లోపల కొద్దిగా నీళ్ళు పోసి కొన్ని రోజులు ఆగుతాడు. మొదట జల్లెడలా కారుతుంది. కంగారుపడి నిండా పోయకూడదు. వెయ్యి లీటర్లంటే టన్ను బరువు. గట్టుమీదున్న పడవ నడుము విరుగుతుంది! నానిన తరువాత కూడా కారే చోట్లే నిజమైన లోపాలు.

అయితే పుచ్చిన పలకకు నీళ్ళు మందు కావు. కుండ కొనేటప్పుడు తట్టినట్లు పలకను తట్టి చూడాలి. బొద్దుగా పలికితే మార్చవలసిందే. అది శిలీంధ్రాల పని. చిత్రమేమంటే, సముద్రపు నీటికంటే లోపల నిలిచిన వాననీరే ఎక్కువ ప్రమాదం. ఉప్పు శిలీంధ్రాలను పెరగనివ్వదు.

ఇత్తడి స్క్రూలనూ విప్పి చూడాలి. ఉప్పునీరు ఇత్తడిలోని జింకును లాగివేస్తే, గులాబి రంగుతో గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి స్క్రూలాగే ఉంటుంది, తిప్పితే పుటుక్కున విరుగుతుంది.

రంగు వేయని చిన్న చెక్కముక్క ఒకటి తీసుకోండి. మీ ప్రయోగశాలలోని వెర్నియర్ కాలిపర్స్‌తో పొడవు, వెడల్పు కొలిచి, రెండు రోజులు నానబెట్టి మళ్ళీ కొలవండి. ఏది ఎంత పెరిగింది?